రెండుసార్లు నొక్కితే వస్తుంది బాబూ

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమిషన్ దుకాణం ఉంది. పోయిన సీజన్ మొదట్లో ఓ ఆదివారం భోజనాల దగ్గర, "ఒరేయ్, కంప్యూటర్లు చదివావు కదా, ఆ తక్‌పట్టీ కాస్త తెలుగులో వచ్చేట్టు చేసిపెట్టరా" అన్నాడు. రెండు సాయంత్రాల పనేలే అనుకుని సరేనన్నాను. యార్డుకి వేసవి సెలవులిచ్చే దాకా పట్టింది. కోడ్ రాయడానికి నిజంగానే రెండు సాయంత్రాలు పట్టింది, అబద్ధం కాదు. మిగతా కాలమంతా ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లో, ఉన్న మూడు స్క్రిప్టులు ఒకదాని మాట ఒకటి ఎందుకు వినిపించుకోవట్లేదో పట్టుకోవడానికే పోయింది. అప్పట్లో తెలుగులో దీని గురించి ఎంత వెతికినా నాకు ఏమీ దొరకలేదు, ఆ కచ్చతోనే ఇదంతా రాస్తున్నాను.

తక్‌పట్టీ అంటే తెలియనివాళ్ళకి: రైతు తెచ్చిన కాయలు అమ్ముడయ్యాక ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏం ధర పలికింది, ఖర్చులు పోను చేతికెంత అని దుకాణం వాళ్ళు ఇచ్చే చీటీ. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. బాబాయి దుకాణంలో బిల్లింగ్ అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిదో చెప్పను, బాగానే పనిచేస్తుంది, కాకపోతే బిల్లు ఇంగ్లీషులోనే ఇస్తుంది. రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ గుమాస్తా గారి చేతికే ఇచ్చి "ఏం రాశావో నువ్వే చదువు" అంటాడు. ఇంకో బాధ ఏంటంటే ఒకే రైతు మిర్చి రకాల్లో తేజ కొంత, 334 కొంత, బాడిగ కొంత తెచ్చాడనుకోండి, మూడూ మూడు లాట్లు, మూడు పేజీలు, ఒక్కో లాట్ సేవ్ చేయగానే పేజీ మొత్తం మళ్ళీ మొదటినుంచి లోడవుతుంది. ఇవన్నీ కలిపి ఒకే తెలుగు తక్‌పట్టీగా ఇవ్వడమే నా ఎక్స్‌టెన్షన్ పని. పేజీ ప్రతిసారీ కొత్తగా లోడవుతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఎక్స్‌టెన్షన్ లోపల ఎవరెవరుంటారో యార్డు భాషలోనే చెప్తాను. కంటెంట్ స్క్రిప్ట్ అంటే కాటా దగ్గర నిలబడ్డ కుర్రాడు. బిల్లింగ్ పేజీలోనే ఉంటాడు, అక్కడున్న అంకెలు చదవగలడు, మనకి కావలసిన బటన్ పెట్టగలడు, కానీ పేజీ మళ్ళీ లోడైతే పాతవాడు పోయి కొత్తవాడు వస్తాడు, కొత్తవాడికి ఇందాకటి లాట్ సంగతి తెలియదు. బ్యాక్‌గ్రౌండ్ స్క్రిప్ట్ అంటే దుకాణంలో కూర్చుని పద్దు రాసే గుమాస్తా. పాపప్ అంటే మా బాబాయి, పిలిస్తే వచ్చి రెండు మాటలు మాట్లాడి, మనం పక్కకి చూడగానే మాయం. ఒకరి వేరియబుల్ ఇంకొకరికి కనపడదు. సందేశం పంపుకోవడం తప్ప దారి లేదు. కుర్రాడు గుమాస్తాకి చెప్పాలంటే రన్‌టైమ్ డాట్ సెండ్‌మెసేజ్ సరిపోతుంది. గుమాస్తా కుర్రాడికి చెప్పాలంటే అది చాలదు, ట్యాబ్స్ డాట్ సెండ్‌మెసేజ్ అని, ఏ ట్యాబో నంబరుతో సహా చెప్పాలి, ఎందుకంటే బిల్లింగ్ పేజీ నాలుగు ట్యాబుల్లో తెరిచుంటే కుర్రాళ్ళు నలుగురు కదా. ఈ ఒక్క తేడా తెలియక మొదటి రోజు గంటన్నర తగలేశాను.

ఇంకో గంట తప్పు కన్సోల్ చూస్తూ తగలేశాను. కన్సోల్ అంటే ప్రోగ్రామ్ ఏం చేస్తోందో రాసుకునే లాగ్ కనపడే విండో. ఇది సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెప్తాను. కంటెంట్ స్క్రిప్ట్ రాసే లాగ్ బిల్లింగ్ పేజీ కన్సోల్‌లో పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ లాగ్ అక్కడ రాదు, ఎక్స్‌టెన్షన్స్ పేజీకి వెళ్ళి మన ఎక్స్‌టెన్షన్ పేరు కింద ఉన్న సర్వీస్ వర్కర్ అనే లింకు నొక్కితే తెరుచుకునే వేరే విండోలో పడుతుంది. పాపప్‌ది మూడో చోట, పాపప్ మీద రైట్‌క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అంటే వస్తుంది. నేనేమో పేజీ కన్సోల్ ముందు కూర్చుని "బ్యాక్‌గ్రౌండ్ అసలు రన్ అవ్వట్లేదు" అని నిర్ణయానికొచ్చేసి, మంచిగా ఉన్న కోడ్‌ని పీకి పాకం పెట్టాను.

మొట్టమొదట కనపడ్డ ఎర్రర్ ఈ పని చేసిన ప్రతివాడికీ కనపడేదే: కుడ్ నాట్ ఎస్టాబ్లిష్ కనెక్షన్, రిసీవింగ్ ఎండ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్. నువ్వు పిలిచిన చోట వినేవాడు ఎవడూ లేడురా అని దాని అర్థం. నేను పంపే సందేశంలో తప్పుందేమోనని దాన్నే ఇరవై రకాలుగా మార్చాను. సందేశంలో ఏ తప్పూ లేదు. సంగతేంటంటే, ఎక్స్‌టెన్షన్ వేసేటప్పటికే తెరిచి ఉన్న ట్యాబుల్లోకి క్రోమ్ కంటెంట్ స్క్రిప్ట్‌ని పంపదు. ఆ ట్యాబ్ రీఫ్రెష్ చేస్తేనే కుర్రాడు వస్తాడు. మా దుకాణంలో ట్యాబ్ సోమవారం తెరిస్తే శుక్రవారం దాకా అలాగే ఉంటుంది.

దీనికి తమ్ముడు ఇంకోడున్నాడు. పెన్‌డ్రైవ్‌లో కొత్త కోడ్ తీసుకెళ్ళి ఎక్స్‌టెన్షన్ రీలోడ్ చేస్తే, తెరిచి ఉన్న పేజీలోని పాత కంటెంట్ స్క్రిప్ట్ చచ్చిపోదు, అనాథ అవుతుంది. పేజీలోనే తిరుగుతుంటుంది, నొక్కితే వింటుంది, కానీ గుమాస్తాకి చెప్పబోతే ఎక్స్‌టెన్షన్ కాంటెక్స్ట్ ఇన్‌వాలిడేటెడ్ అని విరుచుకుపడుతుంది. సరే, ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ అయినప్పుడో అప్‌డేట్ అయినప్పుడో వచ్చే ఆన్‌ఇన్‌స్టాల్డ్ ఈవెంట్‌లో, తెరిచి ఉన్న బిల్లింగ్ ట్యాబులన్నీ వెతికి, స్క్రిప్టింగ్ డాట్ ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌తో కొత్త కుర్రాణ్ణి నేనే పంపాను. మర్నాడు బాబాయి ఫోన్. "ఒరేయ్, రెండు బటన్లున్నాయేంట్రా, ఏది నొక్కాలి?" పాతవాడు పెట్టిన బటన్ పేజీలో అలాగే ఉంది, పక్కన కొత్తవాడు ఇంకోటి పెట్టాడు. చూడటానికి కవలల్లా ఉన్నాయి, ఎడమది శవం. కొత్త స్క్రిప్ట్ రాగానే ముందు పాత బటన్‌ని తీసేసి తనది పెట్టుకునేలా ఒక లైన్ కలిపితే ఆ పీడ వదిలింది.

తర్వాతది అసింక్, అంటే జవాబు వెంటనే రాకుండా ఆగి చేసే పని. దీని మీద నాకు ఇప్పటికీ కోపం, ఎందుకంటే ఒక్క ఎర్రర్ కూడా రాదు. కుర్రాడు లెక్క అడుగుతాడు: 18 టిక్కీలు, 7 క్వింటాళ్ళ 62 కిలోలు, క్వింటా 16,500 చొప్పున ఎంత? గుమాస్తా 1,25,730 అని చెప్పాలి. నా బ్యాక్‌గ్రౌండ్ ఆ లెక్క చక్కగా చేస్తోంది, లాగ్‌లో కనపడుతోంది కూడా. కుర్రాడి చేతికి మాత్రం అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేదని, వస్తోంది. తక్‌పట్టీ మీద "అన్‌డిఫైన్డ్ రూపాయలు" అని అచ్చయి వచ్చింది. కారణం ఏంటంటే జవాబు వెంటనే ఇవ్వలేనప్పుడు, అంటే మధ్యలో సెట్టింగులు చదవడం లాంటి ఆగి చేసే పని ఉన్నప్పుడు, సందేశం వినే లిజనర్ ఫంక్షన్ రిటర్న్ ట్రూ అనాలి. "కాస్త ఆగు, చెప్తా" అన్నట్టు. అది అనకపోతే క్రోమ్ ఫోన్ పెట్టేస్తుంది. నేను ఆ లిజనర్‌ని అసింక్ ఫంక్షన్‌గా రాశాను, లోపల రిటర్న్ ట్రూ కూడా రాశాను, ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ అసింక్ ఫంక్షన్ ఏది రిటర్న్ చేసినా బయటికొచ్చేది ప్రామిస్, అంటే తర్వాత ఇస్తాననే మాట, ట్రూ కాదు. నా దగ్గరున్న క్రోమ్‌కి ఆ ప్రామిస్ పట్టలేదు, ఫోన్ పెట్టేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రామిస్ రిటర్న్ చేసినా ఒప్పుకుంటుంది, అందుకే అక్కడి ఉదాహరణ తెచ్చి నా క్రోమ్‌లో అంటిస్తే ఇలాగే అయింది. మందు తేలికే: లిజనర్‌ని మామూలు ఫంక్షన్‌గా ఉంచి, ఆగి చేసే పనిని లోపల వేరే అసింక్ ఫంక్షన్‌కి అప్పజెప్పి, చివర రిటర్న్ ట్రూ అనడం.

పాపప్ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే లెక్క తప్పు రావడం ఇంకో చిత్రం. బాబాయి పాపప్ తెరిచి ఇవాళ్టి మొత్తం చూసుకుంటుంటే, అదే సమయంలో గుమాస్తా గారు తక్‌పట్టీ తీస్తే ఖాళీ జవాబొచ్చేది. రన్‌టైమ్ డాట్ సెండ్‌మెసేజ్‌తో కుర్రాడు పిలిస్తే అది గుమాస్తాకి ఒక్కడికే వినపడదు, ఎక్స్‌టెన్షన్‌లో ఆ క్షణానికి తెరిచి ఉన్న పాపప్, ఆప్షన్స్ పేజీ అన్నిటికీ వినపడుతుంది. ఎవరు ముందు జవాబిస్తే అదే చెల్లుతుంది. నా పాపప్‌లోని లిజనర్ ఏ సందేశానికైనా "అందింది" అని మర్యాదగా జవాబిచ్చేది. తనది కాని మాటకి పలికేవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉంటారనుకోండి. ప్రతి సందేశం మీదా ఇది ఎవరికి అని ఒక పేరు రాయడం, ఆ పేరు నాది కాకపోతే నోరు మూసుకోవడం, ఈ రెండూ పెట్టాక సర్దుకుంది.

లాట్లన్నీ మ్యాప్ అనే ఒక రకం జాబితాలో పెట్టి పంపితే అవతల ఖాళీ ఆబ్జెక్ట్‌గా తేలడం ఒకటి ఉంది, అది అరగంటలో దొరికింది. క్రోమ్ సందేశాన్ని జేసన్ అనే ఉత్త అక్షరాల రూపంలోకి మార్చి పంపుతుంది, మ్యాప్, సెట్ లాంటివి దారిలోనే ఆవిరైపోతాయి, తేదీ కాస్తా ఉత్త అక్షరాలైపోతుంది, లెక్క తప్పితే వచ్చే నాన్, అంటే "అంకె కాదు" అనే విలువ, కాస్తా నల్, అంటే ఖాళీ, అవుతుంది. మామూలు అర్రేలు, ఆబ్జెక్టులు పంపితే ఏ గొడవా లేదు.

ఇక అసలుది.

ఇవన్నీ దిద్దాక విజయవాడలో నా గదిలో ఎక్స్‌టెన్షన్ గడియారంలా నడిచింది. నూటికి నూరుసార్లు. బాబాయి దగ్గర రోజుకి నాలుగైదుసార్లు తక్‌పట్టీ సున్నాలతో వచ్చేది. సున్నా టిక్కీలు, సున్నా కిలోలు, సున్నా రూపాయలు, రైతు పేరు మాత్రం చక్కగా తెలుగులో. ఒకాయన ఆ కాగితం పట్టుకుని "ఏమయ్యా, నా కాయలన్నీ ఎటు పోయినయ్?" అని అడిగాడట, దుకాణమంతా నవ్వులు, బాబాయికి మాత్రం నవ్వు రాలేదు. నాకు ఫోన్ చేసి నెమ్మదిగానే, "అబ్బాయ్, తూకం విషయంలో నమ్మకం పోతే దుకాణం పోతుందిరా" అన్నాడు. ఆయన తిట్టినా బాగుండేది.

నేనేం చేశాను? ఫోన్‌లోనే బాబాయి చేత బ్యాక్‌గ్రౌండ్ కన్సోల్ తెరిపించాను. తెరిచి ఉంచి, ఈసారి సున్నా వచ్చినప్పుడు అందులో ఎర్రగా ఏముందో ఫొటో తీసి పంపమన్నాను. ఆ రోజంతా ఒక్క సున్నా కూడా రాలేదు. సాయంత్రం కంప్యూటర్ కట్టేశారు, మర్నాడు కన్సోల్ తెరవలేదు, మళ్ళీ సున్నాలు. మళ్ళీ తెరిపించాను, మళ్ళీ బాగుంది. బాబాయి "ఆ కిటికీ తెరిచి ఉంచితే సరిపోతుంది కదరా, తెరిచే ఉంచుతాంలే" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ అదే ఆలోచించాను.

శుక్రవారం సెలవు పెట్టి, పొద్దున్నే విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కాను. యార్డు దగ్గర దిగేసరికే ముక్కు మొదలెట్టింది. అలవాటు లేనివాళ్ళు మిర్చి యార్డులో పావుగంట నిలబడితే తుమ్ములు, దగ్గు, కళ్ళ నీళ్ళు, అన్నీ వరసగా వస్తాయి. దుకాణంలో ఫ్యాన్ తిరుగుతుంటే గాల్లో ఘాటు కూడా తిరుగుతుంటుంది. కీబోర్డు మీద ప్లాస్టిక్ తొడుగు, దాని మీద సన్నగా ఎర్రపొడి, ఎక్కువ నొక్కే అంకెల దగ్గర మాత్రం వేలి ముద్రలంత మేర శుభ్రంగా ఉంది. గుమాస్తా గారికి అరవై దాటుంటాయి. నాన్నగారి కాలం నుంచీ ఆ దుకాణంలోనే ఉన్నారు. "నేనేం ముట్టుకోనండీ, మీ పని మీరు చేసుకోండి, నేను చూస్తూ ఉంటాను" అని స్టూలు లాక్కుని ఆయన వెనక కూర్చున్నాను.

మొదటి లాట్ కొట్టారు. సేవ్. రెండో లాట్ కొట్టారు. సేవ్. అప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రైతు వైపు తిరిగి "చిన్నోడి పెళ్ళి ఎప్పుడు పెట్టుకున్నారు?" అని అడిగారు. ఆయనేదో చెప్పాడు. ఈయన కట్నకానుకల గురించి ఏదో అన్నారు. ఈలోగా టీ వచ్చింది. ఒక గుక్క తాగి, కాగితం మీది అంకెలు పెన్సిల్‌తో ఓసారి కూడుకుని, మళ్ళీ కళ్ళజోడు దించుకుని, తక్‌పట్టీ బటన్ నొక్కారు. సున్నా.

నేను నా గదిలో ఎలా పరీక్షించానో అప్పుడు గుర్తొచ్చింది. లాట్, సేవ్, లాట్, సేవ్, బటన్. టకటకా. మధ్యలో పెళ్ళి కబుర్లు లేవు, టీ లేదు. అదీకాక ఎప్పుడూ కన్సోల్ తెరిచే ఉంటుంది.

మ్యానిఫెస్ట్ వెర్షన్ 3లో, అంటే ఎక్స్‌టెన్షన్లకి క్రోమ్ పెట్టిన కొత్త పద్ధతిలో, బ్యాక్‌గ్రౌండ్ అంటే సర్వీస్ వర్కర్. దానికి 30 సెకన్ల పాటు ఏ పనీ తగలకపోతే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది. మళ్ళీ ఏదైనా సందేశమొస్తే మొదటి లైన్ నుంచి కొత్తగా లేపుతుంది. అంటే మన గుమాస్తా అర నిమిషం ఖాళీగా ఉంటే ఇంటికెళ్ళిపోతాడు, పిలిస్తే మళ్ళీ వస్తాడు, కానీ వచ్చేవాడికి ఇందాకటి మాటలేవీ గుర్తుండవు. నేను లాట్లన్నీ ఫైల్ పైన ఒక గ్లోబల్ అర్రేలో, అంటే మెమరీలో మాత్రమే ఉండే జాబితాలో, పోగేస్తున్నాను. నేను చూసి నేర్చుకున్నది పాత వెర్షన్ 2 కాలం నాటి పాఠం, అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ పేజీని బ్రౌజర్ మూసేదాకా బతికుండేలా పెట్టుకోవచ్చు, గ్లోబల్‌లో ఏం పెట్టినా ఉండేది. వెర్షన్ 3 వచ్చింది 2021 జనవరిలో, క్రోమ్ 88తో. ఈ 30 సెకన్ల సంగతి నేను ఎక్కడో చదివాను కూడా, చదివి "నా చిన్న ఎక్స్‌టెన్షన్‌కి ఇదంతా ఎందుకులే" అని దాటేశాను.

కన్సోల్ తెరిస్తే బాగుపడటం దయ్యం పని కాదు. సర్వీస్ వర్కర్ డెవ్‌టూల్స్, అంటే ఆ కన్సోల్ ఉండే విండో, తెరిచి ఉన్నంతసేపు క్రోమ్ దాన్ని ఆపదు. పాపప్‌కీ ఇంతే, మామూలుగా పక్కన ఎక్కడ నొక్కినా మూసుకుపోయి, అది ఎదురుచూస్తున్న జవాబు తీసుకునేవాడు లేకుండా పోతుంది, ఇన్‌స్పెక్ట్‌లో పెడితే మాత్రం బుద్ధిగా తెరుచుకునే ఉంటుంది. టీచర్ తొంగిచూసినప్పుడల్లా పిల్లలు పుస్తకాల్లో తల పెట్టినట్టు.

మరి చూడకుండా చూడటం ఎలా? కన్సోల్‌లో లాగ్ రాయడం మానేసి, బ్యాక్‌గ్రౌండ్ ఫైల్ మొదలైన ప్రతిసారీ ఆ టైమ్‌ని, బ్రౌజర్ మూసినా చెరిగిపోని స్టోరేజ్ డాట్ లోకల్‌లో రాసిపెట్టాను. డెవ్‌టూల్స్ అన్నీ మూసేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక తెరిచి చూస్తే, ఆ పొద్దుటి పూటలోనే గుమాస్తా 37 సార్లు పుట్టాడు. ఇంకో మంచి పద్ధతి, అడ్రస్ బార్‌లో క్రోమ్ వాళ్ళ సర్వీస్‌వర్కర్ ఇంటర్నల్స్ పేజీ తెరిస్తే అక్కడ ప్రతి వర్కర్ పక్కనా స్టాప్ అని బటన్ ఉంటుంది. 30 సెకన్లు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోకుండా మనమే చంపి, వెంటనే బటన్ నొక్కి చూడొచ్చు. ఇప్పుడు ఏం మార్చినా ముందు ఈ హత్య చేసి గానీ పెన్‌డ్రైవ్‌లో వెయ్యను.

వర్కర్‌ని చావకుండా ఉంచేందుకు ప్రతి 20 సెకన్లకీ ఒక ఉత్తుత్తి పిలుపు పంపే చిట్కా ఒకటి చలామణిలో ఉంది. నాకు నచ్చలేదు. గుమాస్తాకి నిద్ర పట్టకుండా పక్కన మనిషిని పెట్టి గిల్లించడం లాంటిది అది, కరెంట్ పోయి వచ్చిందంటే ఎలాగూ అంతా మర్చిపోతాడు, గుంటూరులో ఎండాకాలం కరెంట్ గురించి నేను చెప్పక్కర్లేదు. గుర్తుంచుకోవడం మానేసి చిట్టాలో రాసుకోవడమే దారి. స్టోరేజ్ డాట్ సెషన్ అని ఒకటుంది, అది మెమరీలోనే ఉండి బ్రౌజర్ మూస్తే పోతుంది. నాకు మూసినా ఉండాలి కాబట్టి లోకల్ వాడాను. అందులోనూ ఒక తప్పు చేశాను: మొత్తం లాట్ల జాబితాని ఒకే పేరు కింద పెట్టి, కొత్త లాట్ వచ్చినప్పుడల్లా జాబితా చదివి, కలిపి, తిరిగి రాస్తున్నాను. రెండు ట్యాబుల్లో ఒకేసారి సేవ్ చేస్తే ఇద్దరూ పాత జాబితానే చదువుతారు, రెండోది రాసేటప్పుడు మొదటిది తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కో లాట్‌ని దాని నంబరు పేరుతో విడిగా రాశాక ఒకదాన్నొకటి తొక్కుకోవడం ఆగింది.

ఆ సాయంత్రం సున్నాలు పోయాయి. శంకర్ విలాస్ హోటల్ దాకా నడిచి ఇడ్లీ తిని బస్సెక్కాను. వారం పాటు గుంటూరు నుంచి ఫోన్ లేదు. వర్కర్‌ని చంపి పరీక్షించడం ఆ రోజు ఇంకా అలవాటు కాలేదు, ఫోన్ రాలేదంటే పని అయిపోయిందనే అనుకున్నాను.

పండక్కి వెళ్ళినప్పుడు ఊరికే దుకాణంలో కూర్చుంటే, గుమాస్తా గారు తక్‌పట్టీ బటన్‌ని టకటకా రెండుసార్లు నొక్కడం కనపడింది. ప్రతి రైతుకీ రెండుసార్లు. "అదేంటండీ, రెండుసార్లు నొక్కుతున్నారు?" అన్నాను. "మొదటిసారి పలకదు బాబూ. రెండుసార్లు నొక్కితే వస్తుంది, ఏం ఫర్లేదు" అన్నారు, మా వీధి పంపు గురించి చెప్పినంత మామూలుగా. వారం రోజుల నుంచీ అలాగే నొక్కుతున్నారట. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, పని అవుతోంది కదా.

దీంట్లో తప్పు మొత్తం నాదే, పోయినసారి దిద్దుబాటులోనే పెట్టాను. స్టోరేజ్‌లోకి మార్చేటప్పుడు తెలివిగా, ముందు సెట్టింగులు చదివాక అప్పుడు ఆన్‌మెసేజ్ లిజనర్ పెడదాం అని, దాన్ని పెట్టే యాడ్‌లిజనర్ లైన్‌ని తీసుకెళ్ళి ఆ చదివే పని తర్వాత పెట్టాను. వర్కర్ నిద్రలేవడానికి కారణమే ఆ సందేశం. లేచిన వెంటనే, ఫైల్ మొదటి విడతలోనే లిజనర్ రిజిస్టర్ అయి ఉండాలి. నాది సెట్టింగులు చదువుకుని, ముఖం కడుక్కుని వచ్చేసరికి పిలిచినవాడు వెళ్ళిపోయాడు. రెండో నొక్కుడికి లేచే ఉన్నాడు కాబట్టి పలుకుతున్నాడు. యాడ్‌లిజనర్‌ని ఫైల్ పై వరసలోకి తెచ్చి, సెట్టింగులు చదవడాన్ని ఒక ప్రామిస్‌లో పెట్టి, లిజనర్ లోపల దానికోసం ఆగేలా మార్చాను. నాలుగు లైన్లు అటూ ఇటూ. అక్కడే కూర్చుని వర్కర్‌ని పదిసార్లు చంపి చూశాను, పదిసార్లూ మొదటి నొక్కుడికే పలికింది.

"ఇక ఒక్కసారి నొక్కితే చాలండీ" అని గుమాస్తా గారికి చెప్పాను. అలాగే బాబూ అన్నారు. తర్వాత రైతు వచ్చాడు, లాట్లు కొట్టారు, కబుర్లయ్యాయి, కళ్ళజోడు దించుకుని బటన్ దగ్గరికి వేలు తీసుకెళ్ళి టకటకా రెండుసార్లు నొక్కారు. ప్రింటర్ లోంచి రెండు తక్‌పట్టీలు వచ్చాయి. రైతు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాబాయి నా వైపు చూశాడు.

నొక్కగానే బటన్ మూడు సెకన్లు బూడిద రంగులోకి మారేలా కోడ్ రాసి పెన్‌డ్రైవ్‌లో వేశాను. శనివారం తీసుకెళ్దామంటే యార్డుకి సెలవు, సోమవారం వెళ్ళాలి.